కొడుకుగా రాయించిన అల్లుడు

పెళ్లయిన మూడో రోజు నేను మా ఇంటిపేరు వదిలి నా భార్య ఇంటిపేరు తీసుకున్నాను. మా వైపు దీన్ని ఇల్లటం అంటారు. కొడుకులు లేని ఇంటికి అల్లుడు వచ్చి ఉండిపోతాడు. ఆ ఇంటి భూమి చూసుకుంటాడు. కొన్ని ఇళ్లలో ఆ ఇంటిపేరు కూడా పెట్టుకుంటాడు. ఇందులో వింతేమీ లేదు, ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు. ఇరవై ఒక్క ఏళ్లు ఆ పేరుతో సంతకం పెట్టాను. దాని వల్ల నాకు ఏ కష్టమూ రాలేదు. కష్టం ఆమెకు వచ్చింది. పోయిన ఏడాది ఆమెకు నా కిడ్నీ ఒకటి ఇవ్వవలసి వచ్చినప్పుడు, నేను ఆమె భర్తనని చూపే కాగితం మా ఇంట్లో ఒక్కటీ లేదు. అన్ననని చూపేవి నాలుగు ఉన్నాయి.

ఆమె పోయి ఐదు నెలలైంది. జరిగింది జరిగినట్టు రాయాలనుకుంటున్నాను.

మాది చిత్తూరుకు అవతల, తమిళనాడు సరిహద్దు దగ్గరి పల్లె. నలుగురు అన్నదమ్ముల్లో నేను ఆఖరివాణ్ణి. మా నాయన నన్ను పిలవాలంటే ముందు మా అన్నల పేర్లు మూడూ చెప్పి, నాలుగోసారికి నా పేరు అందుకునేవాడు. వడమాలపేట దగ్గరి పల్లెలో మా అమ్మకు వరసకు అన్న అయ్యే ఆయన ఉన్నాడు. ఆయనకు ఒక్కతే కూతురు. ఒకరోజు మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని, "నలుగురుండారు గదప్పా నీకు. ఈ ఆఖరోణ్ణి నాకియ్యి" అన్నాడు. మా నాయన నవ్వి, "తీసుకోని పో. యాడ, మూడు బస్సులు మారితే మీ ఊరు" అన్నాడు. నన్ను అడగలేదు. అడిగినా ఒప్పుకునేవాణ్ణే. డిగ్రీ చదివి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోతున్న రోజులవి. ఎవరో ఒకరు నన్ను ప్రత్యేకంగా కావాలనడం అదే మొదటిసారి.

పెళ్లి వాళ్ల ఇంటి ముందే జరిగింది. మూడో రోజు పందిట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. మామ లేచి నిలబడి, "ఈపొద్దు నుంచి ఈయబ్బి నా కొడుకు. నా ఇంటిపేరే ఈయన ఇంటిపేరు. నాకు తలకొరివి పెట్టేది ఈయనే" అన్నాడు. పందిరి గుంజ పక్కన మామ తమ్ముడి కొడుకులు ఇద్దరు నిలబడి ఉన్నారు. అంతవరకూ మామకు కొడుకుల్లాంటివాళ్లు వాళ్లే. పెద్దవాడు, "అయితే ఇంగ మాకు పని లేదు పెదనాయనా. ఇంటికి పోయి పండుకుంటాం" అన్నాడు. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు.

నా స్నేహితులు చాలా రోజులు ఎగతాళి చేశారు. "ఏమప్పా, పెండ్లాంతో కొట్లాడి నువ్వు పుట్టింటికి పోతావా?" అని ఒకడు. "పండక్కి అత్తగారింటికి పోవల్లంటే యాడికి పోతావు, ముందింట్లోంచి ఎనకింట్లోకా?" అని ఇంకొకడు. నేనూ నవ్వేవాణ్ణి.

పెళ్లయిన ఏడాదికి రేషన్ కార్డుల కోసం ఇల్లిల్లూ తిరిగి రాసుకునే మనిషి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మామను అడుగుతున్నాడు. ఇంటి పెద్ద ఎవరు, ఎంతమంది అని. నన్ను చూపించి, "ఈయనేమవుతాడు?" అన్నాడు.

"కొడుకు" అన్నాడు మామ.

"ఆయమ్మ?"

"కూతురు."

అతను రాసుకుని పోయాడు. ఆమె గడపలో నిలబడి చేటలో బియ్యం ఏరుతూ ఇదంతా వింది. "నాయనా, ఇద్దరినీ నువ్వే కన్నట్టు రాపిస్తివే. మరి నా మొగుడు యాడ?" అంది.

"ఎదురుగా ఉండాడు గదా. కాగితంలో ఎందుకు?" అన్నాడు మామ.

ఆ పూట నాకు అన్నం పెడుతూ, "అన్నా, ఇంకొంచెం పులుసు పొయ్యమంటావా?" అని ముసిముసిగా నవ్వింది. నన్ను ఎప్పుడూ బావా అనే పిలిచేది.

ఆ కార్డు చూసి తర్వాత ఓటరు కార్డు ఇచ్చారు. దాన్ని చూసి ఆధార్ ఇచ్చారు. దాన్ని చూసి మరొకటి. అన్నిటిలోనూ నా తండ్రి పేరు దగ్గర మామ పేరే పడింది. పెళ్లయి వేరే ఊరికి పోయే ఆడపిల్లకైతే కార్డుల్లో తండ్రి పేరు తీసేసి భర్త పేరు వేస్తారు. ఈమె ఎక్కడికీ పోలేదు కాబట్టి ఈమె కార్డులు ఎవరూ ముట్టుకోలేదు. వాటిలో ఎప్పుడూ ఉన్న తండ్రి పేరే ఉంది. పిల్లలుంటే వాళ్ల పుట్టిన కాగితాల్లోనైనా మేమిద్దరం తల్లీ తండ్రీ అయి ఉండేవాళ్లం. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ నాలుగో నెలలో పోయింది.

సరిచేయించమని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. దాని వల్ల నష్టమేముంది, అయినప్పుడు అవుతుందిలే అన్నాను. తీరిక లేక కాదు. ఆ ఇంటికి నేను కొడుకునని రాసి ఉండటం నాకు నచ్చింది. ఇది ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. మూడేళ్ల కిందట కాళ్లు వాచి మిషను తొక్కడం కష్టమైంది. మోకాళ్లు అనుకున్నాం. పరీక్షలు చేస్తే రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నారు. మందులతో ఏడాదిన్నర గడిచింది. ఆ తర్వాత వారానికి మూడు రోజులు తిరుపతిలో డయాలసిస్. పొద్దున్నే బస్సెక్కేవాళ్లం. ఆమె లోపల నాలుగు గంటలు పడుకునేది. నేను బయట బెంచీ మీద పుస్తకం చదువుకునేవాణ్ణి. చాలా పుస్తకాలు చదివాను. ఏవీ గుర్తు లేవు.

"వారంలో మూడు దినాలు ఆస్పత్రికి పాయె. ఇంగ మూడు దినాలు పండుకునేదానికి పాయె. ఊర్లో వాళ్ల జాకెట్లన్నీ ఆదివారమే కుట్టల్ల" అనేది.

మా ఇద్దరి రక్తం గ్రూపు ఒకటే. నాకు పరీక్షలన్నీ చేసి, నా కిడ్నీ సరిపోతుందని డాక్టరు చెప్పారు. ఆ రోజు బస్టాండు దగ్గర హోటల్లో దోసె తిన్నాం. ఆమె సగం తిని వదిలేసింది. కానీ ముఖంలో చాలా రోజుల తర్వాత కళ వచ్చింది. "మా ఇంటిపేరు నీకిస్తిమి. నీ కిడ్నీ నాకిస్తా ఉండావు. చెల్లుకు చెల్లు బావా" అంది.

అవయవం ఇవ్వాలంటే కమిటీ అనుమతి కావాలి. కమిటీకి పోయే కాగితాలు చూసే అమ్మాయి ఒకామె ఆస్పత్రిలో ఉండేది. నా కార్డూ నా భార్య కార్డూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"సార్, పేషెంటుకి మీరేమవుతారు?"

"భర్తనమ్మా."

"ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే. అది సరే. తండ్రి పేరు కూడా ఒకటే ఉండాది."

ఇల్లటం అని చెప్పాను. ఆ అమ్మాయిది కూడా ఇక్కడి ఊరే. "తెలుసు సార్. మా పెద్దమ్మ వాళ్లింట్లో గూడా ఉండాడు ఇల్లటపల్లుడు. కానీ నాకు తెలిసి ఏం లాభం? పెండ్లి సర్టిఫికెట్ తీసుకురండి. లేదంటే ఫైలు ముందుకు పోదు" అంది.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. డబ్బు కోసం కిడ్నీలు అమ్మేవాళ్లు ఉన్నారు, లేని చుట్టరికాలు కల్పించేవాళ్లు ఉన్నారు. ఆ నిబంధన వాళ్ల కోసం పెట్టింది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నిబంధన మంచిదని నాకు తెలుసు. లోపల ఆమె రక్తం మిషన్‌లో తిరుగుతోందనీ తెలుసు.

సూళ్లూరుపేట నుంచి తమ్ముణ్ణి డయాలసిస్‌కు తీసుకొచ్చే ఒకాయన రోజూ నా పక్కన కూర్చునేవాడు. విషయం విని, "ఇంతదానికి అంత బాధెందుకప్పా? అన్నగానే ఇచ్చెయ్. అన్న ఇస్తే వద్దంటారా? కాగితాలన్నీ అట్లే ఉండాయి గదా" అన్నాడు.

నవ్వుతూ చెప్పాడు కానీ రెండు రోజులు నేను దాని గురించే ఆలోచించాను. మూడో రోజు ఆ అమ్మాయిని వేరే ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను. తోడబుట్టినవాళ్లయితే రక్తపరీక్షతో నిరూపించాలంది. ఆ దారి మూసుకుపోయింది. ఇంటికి వచ్చాక ఈ మాట ఆమెకు చెప్పాను. పడుకుని వింది.

"అబద్ధమాడి బతికితే బతుకుదును గానీ బావా, ఆపరేషనయినాక పక్క మంచం మీద నువ్వు నాకు అన్నవై పండుకోనుంటే, నగువొచ్చి నా కుట్లు తెగిపోతాయి" అంది. కాసేపటికి గోడ వైపు తిరిగి, "బిన్నే ఏదో ఒకటి చెయ్యి బావా, ఆలీసెం చెయ్యాకు. నాకు చేత కావడంలా" అంది. అంతవరకూ ఆమె చేత కావడం లేదని నాతో అనలేదు.

పుత్తూరులో రిజిస్ట్రారు ఆఫీసుకు పోయాను. పెళ్లి ఫోటోలు, పసుపు పూసిన పెళ్లి పత్రిక తీసుకుపోయాను. గుమస్తా పత్రిక చదివి, "ఇందులో వరుడి ఇంటిపేరు వేరే, తండ్రి పేరు వేరే. ఈ వరుడు మీరేనని ఎట్లా నమ్మల్ల? మీ ఆధార్ ప్రకారం అన్నాచెల్లెళ్లకి పెండ్లి రిజిస్టర్ చెయ్యమంటారా?" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లలో ఒకరు నవ్వారు. ముందు తండ్రి పేరు సరిచేసుకుని రమ్మన్నాడు.

నా పదో తరగతి సర్టిఫికెట్‌లో మా నాయన పేరు, పాత ఇంటిపేరు ఉన్నాయి. దాన్ని తీసుకుని చిత్తూరు పోయాను. మా స్కూలు హెడ్మాస్టరు దగ్గర కాగితం రాయించుకున్నాను. కోర్టు దగ్గర ఒక లాయరును కలిశాను. ఆయన అన్నీ చూసి తేలిగ్గా చెప్పాడు. "ఇవన్నీ ఒక ఎత్తు. కొడుకని రాయించిన మనిషి బతికే ఉండాడు గదా? ఆయన్ని ఎమ్మార్వో ముందుకు తీసుకుపో. ఈయన నా కొడుకు కాదు, నా అల్లుడు, నా కూతురి భర్త అని రాసి సంతకం పెట్టమను. దాని మీద మిగతావన్నీ కదుల్తాయి. రెండు మూడు వారాల పని."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మామ దొడ్లో మందుకొట్టే డ్రమ్ము కడుగుతున్నాడు. మామిడి తోటలో పూత మొదలయ్యే రోజులు. లాయరు చెప్పింది చెప్పాను. ఆయన చెయ్యి ఆగింది.

"కొడుకు కాదని రాయల్లనా?"

"అవును మామా."

"వేరే దోవ లేదా?"

"లేదు."

"సూస్తాం" అన్నాడు. మళ్లీ డ్రమ్ము కడగడం మొదలుపెట్టాడు.

సూస్తాం అన్న మాట ఇరవై రెండు రోజులు సాగింది. మొదట అమావాస్య దగ్గర పడిందన్నాడు. తర్వాత మోకాలు నొప్పి. ఆ తర్వాత తోటకు మందు కొట్టించాలి, మనుషులు దొరికినప్పుడే కొట్టించాలి. రోజూ పొద్దున అడిగేవాణ్ణి. రోజూ ఒకటి చెప్పేవాడు. తమ్ముడి కొడుకుల గురించి భయమేమో అనుకున్నాను. వాళ్లకు తెలిస్తే, కొడుకు లేడని ఈయనే రాసిచ్చాడు కదా అని తోట మీదికి వస్తారనేమో. లాయరుతో ఫోన్‌లో మాట్లాడించాను. కూతురుండగా వాళ్లకేమీ రాదని లాయరు రెండుసార్లు చెప్పాడు. మామ విని ఫోన్ నా చేతికిచ్చి బయటికి పోయాడు.

ఇరవయ్యో రోజు తోటలో ఆయన్ని పట్టుకుని అరిచాను. "నీ కూతురు సచ్చిపోతా ఉంటే నీకు చెయ్యెట్లా రావడంలా మామా? ఒక్క సంతకం గదా!" అన్నాను. అన్నేళ్లలో ఆయన మీద గొంతు ఎత్తడం అదే మొదలు.

ఆయన నా వైపు చూడలేదు. చెట్టు మొదట్లో మట్టి చూస్తూ, "అది బతక్కపోతే?" అన్నాడు. "కాగితంలో గూడా కొడుకు కాదని రాసిచ్చినాక, అది బతక్కపోతే నువ్వు నాకేమవుతావు?"

ఆయన భయం తమ్ముడి కొడుకులు కాదని అప్పుడు తెలిసింది. కూతురు పోతే నేనూ పోతానని భయం. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. జవాబు చెప్పవలసింది. ఎక్కడికీ పోను మామా అని ఒక్క మాట అంటే ఆ పొద్దే చొక్కా వేసుకుని వచ్చేవాడేమో. కానీ కూతురు చావు గురించి ఆయన ముందే లెక్కగట్టుకున్నాడన్న కోపంలో నాకు ఆ మాట రాలేదు. తిరిగి వచ్చేశాను.

మామ ఆపుతున్నాడని ఆమెకు చెప్పలేదు. ఆఫీసుల్లో ఆలస్యమవుతోందని చెబుతూ వచ్చాను. ఇరవై రెండో రోజు పొద్దున మేమిద్దరం దొడ్లో గొడవ పడుతుంటే ఆమె లేచి వచ్చింది. గుంజ పట్టుకుని నిలబడింది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"నాయనా, చొక్కా ఏసుకో" అంది.

మామ చొక్కా వేసుకున్నాడు.

మండలాఫీసులో అధికారి కాగితం చదివి, "ఈయన మీ కొడుకు కాదా?" అని అడిగాడు.

"కాదు" అన్నాడు మామ.

"ఎవరు?"

"నా కూతురి మొగుడు."

"మరి ఇన్నేండ్లు కొడుకని ఎందుకు రాయించినారు పెద్దాయనా?"

"ఆ పొద్దు నాకు అట్లా అనిపించింది సార్."

సంతకం పెట్టాడు. పేరు గీత దాటి కిందికి పోయింది. తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, నేను వెనక కూర్చున్నాను.

లాయరు చెప్పినట్టే తర్వాత పనులు జరిగాయి. తండ్రి పేరు మారింది. రిజిస్ట్రారు ఆఫీసుకు ఇద్దరం పోయాం. ఆమె ముఖం వాచి ఉంది. మెడ దగ్గర డయాలసిస్ గొట్టం కనపడకుండా కొంగు కప్పుకుంది. ఫోటోకు దగ్గరగా నిలబడమన్నారు. "ఇంగా దగ్గరకి రా బావా. సర్కారోళ్లు పెండ్లి చేస్తా ఉండారు" అంది. గుమస్తా ఈసారి తల దించుకుని నవ్వాడు. కమిటీ సోమవారం కూర్చుంటుందని ఆస్పత్రి అమ్మాయి ఫోన్ చేసింది.

అంతకు ముందు బుధవారం డయాలసిస్ మధ్యలో ఆమెకు చలి జ్వరం వచ్చింది. మెడ గొట్టం దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. గురువారం ఐసీయూలో చేర్చారు. ఈ పరిస్థితిలో ఆపరేషన్ మాట ఎత్తకూడదని, తగ్గాక చూద్దామని డాక్టరు చెప్పారు. శనివారం నన్ను లోపలికి పంపినప్పుడు కళ్లు తెరిచి, "సోమవారం ఇంగా రాలేదా?" అంది. ఎల్లుండే అన్నాను. ఆదివారం పొద్దున పది గంటలకు పోయింది.

దహనం మా పల్లెలోనే చేశాం. మామ తమ్ముడి కొడుకులు కట్టెలు కొట్టారు, పాడె మోశారు. పెద్దవాడు కుండ నా భుజానికి ఎత్తి, "నువ్వు ముందు నడువు బావా" అన్నాడు. కాగితం గురించి వాళ్లు ఆ రోజు అడగలేదు, తర్వాతా అడగలేదు. వాళ్లకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు.

పదకొండో రోజు అయ్యాక మా పెద్దన్న నన్ను పక్కకు పిలిచాడు. "ఇంగ ఈడ నీకేముండాదిరా? మనింటికి వచ్చెయ్. పేరు గూడా మార్పించుకోవచ్చు, పెద్ద పనేం గాదు" అన్నాడు. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. విన్నాడనే అనుకుంటున్నాను. కాయ దిగేదాకా ఉంటానని చెప్పాను. కాయ దిగి నెల దాటింది, నేను ఇంకా ఇక్కడే ఉన్నాను. ఉండాలని నిర్ణయించుకుని కాదు. పేర్ల కోసం మళ్లీ ఏ ఆఫీసుకూ పోయే ఓపిక లేదు.

నెల తర్వాత ఒకసారి ఆస్పత్రికి పోయి డాక్టరును కలిశాను. ఇరవై రెండు రోజులు ముందే కాగితం వచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఇన్ఫెక్షన్ ఎప్పుడైనా రావచ్చు, ఆపరేషన్ అయ్యాక కూడా రావచ్చు, చెప్పలేనన్నారు. నిజాయితీగా చెప్పిన మాట. ఎటువైపుకూ పనికిరాని మాట.

నేను వంట చేస్తాను. మామకు కంచంలో పెట్టి నేనూ పక్కన కూర్చుని తింటాను. మా మధ్య నీళ్లు, మందులు, కరెంటు ఎప్పుడొస్తుందన్న మాటలు తప్ప వేరే ఉండవు. కానీ వారానికి ఒకసారో రెండుసార్లో, పొద్దున కాఫీ గ్లాసు అందుకుంటూ, ఆయన అడుగుతాడు.

"నేను ముందే పోయి సంతకం పెట్టింటే బతికుండునా అబ్బయ్యా?"

లేదు మామా, అప్పటికే చెయ్యి దాటిపోయింది అని నేను అనాలి. డాక్టరే చెప్పాడని అనాలి. ఆయన నమ్ముతాడు. తోటలో ఆ రోజు నేనొక్క మాట అనివుంటే అన్న సంగతి కూడా నాకు తెలుసు. అది ఆయనకు తెలియదు. తప్పు మొత్తం తనదే అనుకుంటున్నాడు. గ్లాసు చేతిలో పట్టుకుని నా వైపు చూస్తూ నిలబడతాడు, కాఫీ చల్లారేదాకా.

ఈ పొద్దు కూడా అడిగాడు. ఈ పొద్దు కూడా నేను ఏమీ అనలేదు.